నియాండర్తాల్ 2 శాతం: అది ఉమ్మడి తాత మిగిల్చింది కాదని ఎలా తెలుస్తుంది, తెలుగువాళ్ళ డేటాలో ఎలా చూసుకోవాలి

మాస్టారూ, నమస్తే. మీరు అడిగింది ఇదీ: ఉమ్మి పరీక్ష చేసే ఒక కంపెనీ మీకు 1.9 శాతం నియాండర్తాల్ (మనకి దగ్గరి చుట్టమైన, అంతరించిపోయిన పాత మానవజాతి) అని రిపోర్టు పంపింది. మీ కాలేజీలోనే బోటనీ చెప్పే ఆయన, "చింపాంజీతోనే 98 శాతం కలుస్తాం, మరి నియాండర్తాల్‌తో 2 శాతమేంటి? ఒకవేళ ఉన్నా అది రెండు జాతులకీ మూలపురుషుడైన వాడి దగ్గర్నుంచి మిగిలిందే, మధ్యలో కలయికలేమీ లేవు" అని తేల్చేశారు. సీతంపేట కొండల్లో ఉండే సవరల్లో ఇది ఎక్కువుంటుందా, మేనరికాల వల్ల పెరుగుతుందా, సిక్కోలులో కూర్చుని సొంత కంప్యూటర్లో ఇదంతా చూసుకోగలమా అన్నవి మీ మిగతా ప్రశ్నలు.

చింపాంజీ గొడవ ముందు వదిలించుకుందాం. ఆ 98కీ ఈ 2కీ పోలికే లేదు. మొదటిది డీఎన్‌ఏ అక్షరాలు (ఎ, సి, జి, టి) ఎంతవరకు ఒకటిగా ఉన్నాయన్న లెక్క. ఆ లెక్కలో చూస్తే నియాండర్తాల్‌కీ మనకీ 99.7 శాతం దాకా కలుస్తుంది. రెండోది ఎవరి ద్వారా వచ్చిందన్న లెక్క. మీ డీఎన్‌ఏలో నూటికి రెండు పాళ్ళు సుమారు 50 వేల ఏళ్ళ కిందటి నియాండర్తాల్ పూర్వీకుల ద్వారా వచ్చింది, మిగతాది అదే కాలంలో ఆఫ్రికా నుంచి బయటికొచ్చిన మనుషుల ద్వారా వచ్చింది, అంతే.

బోటనీ మాస్టారి రెండో మాట మాత్రం తీసిపారేసేది కాదు. 2010 మేలో జర్మనీలో లైప్‌జిగ్‌లోని మాక్స్ ప్లాంక్ సంస్థ నుంచి స్వాంటె పాబో బృందం నియాండర్తాల్ జీనోము (మొత్తం డీఎన్‌ఏ పాఠం) చిత్తుప్రతి ప్రచురించినప్పుడు, ఆ రంగంలోని వాళ్ళే ఇదే ప్రశ్న వేశారు. క్రొయేషియాలోని విండియా గుహలో దొరికిన మూడు ఎముకల నుంచి తీసిన డీఎన్‌ఏ అది. దాన్ని ఆఫ్రికాలోని శాన్, యొరూబా, ఆఫ్రికా బయటి పాపువా, హాన్, ఫ్రెంచ్ అని ఐదుగురి జీనోములతో పోల్చారు. ఆ ఐదుగురిలో భారతీయుడు ఒక్కడూ లేడు.

పద్ధతి క్లాసులో బోర్డు మీద చెప్పేటంత చిన్నది. నలుగుర్ని తీసుకోండి: ఒక యొరూబా మనిషి, ఒక తెలుగు మనిషి, ఒక నియాండర్తాల్, ఒక చింపాంజీ. చింపాంజీ దగ్గర ఉన్నది పాత అక్షరం అనుకుందాం. నియాండర్తాల్ దగ్గర కొత్త అక్షరం ఉన్న స్థానాలు మాత్రమే ఏరండి. వాటిలో తెలుగు, యొరూబా ఇద్దరిలో ఒక్కరి దగ్గరే ఆ కొత్త అక్షరం ఉన్న స్థానాలు లెక్కపెట్టండి. కలయిక జరగకపోతే ఈ పంపకం చెరిసగం రావాలి, ఎందుకంటే ఆ ఇద్దరికీ నియాండర్తాల్‌తో చుట్టరికం ఒకే దూరం. కానీ సగంసగం రాదు. ఫ్రెంచ్, హాన్ జీనోములతో చేసినప్పుడు మొగ్గు 4, 5 శాతం దాకా ఆఫ్రికా బయటివాళ్ళ వైపే కనిపించింది. దీన్నే డి-స్టాటిస్టిక్ అంటారు.

దీనితోనే కేసు గెలిచేశామనుకుంటే పొరపాటు. ఆఫ్రికాలోనే పూర్వం జనం గుంపులు గుంపులుగా విడివిడిగా బతికారనుకోండి. వాటిలో ఒక గుంపు నియాండర్తాల్ పూర్వీకులకి కాస్త దగ్గరది, ఆ గుంపు నుంచే తర్వాత మనవాళ్ళు బయటికొచ్చారు. అప్పుడు కలయిక ఏమీ లేకుండానే అదే మొగ్గు వస్తుంది. ఈ అభ్యంతరాన్ని 2012లో పద్ధతిగా లెక్కగట్టి చూపించారు కూడా. బోటనీ మాస్టారి వాదానికి శాస్త్రీయ రూపం అదే. ఎవరైనా డి విలువ ఒక్కటి చూపించి "రుజువైపోయింది" అంటే నేనూ ఒప్పుకోను.

అసలు తీర్పు ముక్కల పొడవులో ఉంది. క్రాసింగ్ ఓవర్ (జంట క్రోమోజోములు ముక్కలు మార్చుకోవడం) మీరు పిల్లలకి చెప్పేదే. తరతరానికీ అన్నదమ్ముల పంపకాల్లో పొలం మడులుగా తెగిపోయినట్టు, ఒక పూర్వీకుడి నుంచి వచ్చిన క్రోమోజోము ముక్క కూడా తెగుతూ వస్తుంది. ఒక తరంలో ఒక్కో అక్షరం దగ్గర తెగే అవకాశం సగటున 10 కోట్లలో ఒకటి. తరానికి 29 ఏళ్ళు వేసుకుంటే 50 వేల ఏళ్ళకి 1,724 తరాలు. 10 కోట్లని 1,724తో భాగించండి, 58 వేలు వస్తుంది. అంటే 50 వేల ఏళ్ళ కిందట కలిసిన ముక్కలు ఇవాళ సగటున 58 వేల అక్షరాల పొడవుండాలి.

ఇప్పుడు బోటనీ మాస్టారి లెక్క వేద్దాం. రెండు జాతులూ విడిపోయింది సుమారు 5.5 లక్షల ఏళ్ళ కిందట. ఆ ఉమ్మడి తాత దగ్గర్నుంచి మన వైపు 5.5 లక్షల ఏళ్ళు, నియాండర్తాల్ వైపు ఇంకో 5 లక్షల ఏళ్ళు ఆ ముక్క తెగుతూనే ఉంది. ఏ వైపు తెగినా పోలిక అక్కడితో ఆగిపోతుంది కాబట్టి రెండూ కూడాలి. మొత్తం 10.5 లక్షల ఏళ్ళు, 36,207 తరాలు. భాగిస్తే 2,762 అక్షరాలు. ఒకటి 58 వేలు, ఇంకోటి 3 వేలు కూడా లేదు. మన ఒంట్లో దొరికే నియాండర్తాల్ ముక్కలు మొదటి రకం పొడవువి. కొన్ని లెక్కల్లో వెయ్యి, రెండు వేలు అటూ ఇటూ పోవచ్చు గానీ, ఇరవై రెట్ల తేడాని ఏ సర్దుబాటూ కప్పెట్టలేదు.

పాత ఎముకలు దీన్ని ఇంకా బిగించాయి. కలయిక నిజమైతే, కాలంలో వెనక్కి వెళ్ళేకొద్దీ ముక్కలు పొడవెక్కాలి. పశ్చిమ సైబీరియాలో ఉస్త్-ఇషిమ్ దగ్గర దొరికిన తొడ ఎముక 45 వేల ఏళ్ళనాటిది. 2014లో దాని జీనోము చదివితే ముక్కలు ఇవాళ్టి వాళ్ళవాటికి సుమారు 2 నుంచి 4 రెట్లు పొడవున్నాయి. రుమేనియాలోని ఓవాసె గుహలో దొరికిన దవడ 40 వేల ఏళ్ళనాటిది. 2015లో చదివిన దాని జీనోములో 6 నుంచి 9 శాతం నియాండర్తాల్‌ది, అదీ క్రోమోజోముల్లో పెద్ద పెద్ద దిమ్మలుగా. ఆ మనిషికి నాలుగు నుంచి ఆరు తరాల వెనక ఒక నియాండర్తాల్ ముత్తాతో ముత్తవ్వో ఉండి తీరాలి. ఇక సైబీరియాలోని డెనిసోవా గుహలో దొరికిన ఒక అమ్మాయి ఎముక ముక్క, 2018లో బయటపెట్టారు: సుమారు 90 వేల ఏళ్ళనాటిది, తల్లి నియాండర్తాల్, తండ్రి డెనిసోవన్ (ఆ గుహ పేరుతోనే పిలిచే ఇంకో అంతరించిన మానవజాతి). ఆ పిల్ల వయసు 13 ఏళ్ళ పైమాటే. దీని తర్వాత "కలయికలేమీ లేవు" అనడానికి చోటు మిగల్లేదు. పాబోకి 2022లో వైద్యశాస్త్ర నోబెల్ వచ్చింది. 2024 డిసెంబరులో వచ్చిన లెక్క ప్రకారం కలయిక మొదలైంది సుమారు 50,500 ఏళ్ళ కిందట, సాగింది సుమారు 7 వేల ఏళ్ళు.

బోటనీ మాస్టారు ఇంకా తలూపకపోతే ఆయనకి చూపించాల్సింది ఒకటుంది. హెచ్‌ఎంఎంమిక్స్ అనే ప్రోగ్రాము నియాండర్తాల్ జీనోముని అసలు చూడకుండానే ఈ ముక్కల్ని పట్టుకుంటుంది. ఆఫ్రికా జనంలో కనిపించే తేడాలన్నీ ముందు తీసేస్తుంది. మిగిలిన వాటిని వెయ్యి అక్షరాల కిటికీలుగా చూస్తూ, ఎక్కడ తేడాలు గుట్టగా పోగయ్యాయో అక్కడ గీత గీస్తుంది. అలా విడిగా దొరికిన ముక్కల్ని ఆ తర్వాత నియాండర్తాల్ జీనోముతో పోలిస్తే చాలావరకు అతుకుతాయి. వెతికేటప్పుడు చూడనిదానితో వెతికాక అతకడం యాదృచ్ఛికం కాదు కదా.

మనవాళ్ళకి దగ్గరి ఉదాహరణ మూడో క్రోమోజోములో ఉంది. కోవిడ్ ముదిరే అవకాశాన్ని పెంచే ముక్క ఒకటి, పొడవు 49,400 అక్షరాలు. అది విండియా నియాండర్తాల్‌తో కలుస్తుందని 2020లో జెబర్గ్, పాబో చూపించారు. ఆ చోట తెగే రేటు మామూలు సగటులో సగం ఉంటుంది, కాబట్టి పైన వేసిన ఉమ్మడి తాత లెక్క 2,762 నుంచి సుమారు 5,200కి పెరుగుతుంది. అయినా 49,400కి ఎక్కడా అందదు. ఇంత పొడవు ఉమ్మడి తాత నుంచే మిగిలే అవకాశం 0.0009 అని వాళ్ళ లెక్క. దక్షిణాసియాలో ఈ ముక్క సుమారు 30 శాతం క్రోమోజోముల మీద ఉంది. అంటే కనీసం ఒక కాపీ ఉన్నవాళ్ళు జనంలో సగం (0.7ని 0.7తో గుణిస్తే 0.49, ఆ 49 శాతం మందికే అసలు లేనట్టు). బంగ్లాదేశ్‌లో 63 శాతం మందికి ఉంది, యూరప్‌లో 16 శాతం మందికి. నియాండర్తాల్‌ల నుంచే వచ్చిన ఇంకో ముక్క, 12వ క్రోమోజోములో ఓఏఎస్ జన్యువుల దగ్గరిది, కోవిడ్‌లో కొంత కాపాడుతుంది. కాబట్టి నియాండర్తాల్ అంటే చెడ్డదనీ మంచిదనీ ఒక ముద్ర వేయడం కుదరదు.

ఇది మీ ఫైల్లో చూసుకోవచ్చు. కంపెనీ వెబ్‌సైట్ నుంచి ముడి డేటా దింపుకుంటే ఒక టెక్స్ట్ ఫైలు వస్తుంది. అందులో ఆర్‌ఎస్ (rs) తర్వాత 10490770, 35044562 అనే సంఖ్యలు వెతకండి. మొదటిదానిలో సి, రెండోదానిలో జి ఉంటే అది నియాండర్తాల్ ముక్క వైపు అక్షరం. మొదటిది టి, రెండోది ఎ అయితే కాదు. మొదటిదానిలో ఎ, జిలు, రెండోదానిలో టి, సిలు కనిపిస్తే మీ ఫైలు ఎదుటి పోగు చదివిందని అర్థం, తిరగేసి చదువుకోండి. రెండూ ఒకే మాట చెప్పాలి. ఒకటి చెప్పి ఇంకోటి చెప్పకపోతే చదవడంలో తప్పో, ముక్క మధ్యలో తెగిందో అయ్యుంటుంది. ఒక్క అక్షరం చూసి "నాకుంది" అని తీర్మానించకండి. ఉన్నా కంగారు పడేదేమీ లేదు. వయసు, షుగరు, ఊబకాయం లాంటివి దీనికంటే బరువైన కారణాలు.

ఆ 1.9 శాతాన్ని మాత్రం పట్టుకుని వేలాడొద్దు. జీనోము 300 కోట్ల అక్షరాలు. ఇలాంటి కిట్లలో చిప్ చదివేది 6, 7 లక్షల స్థానాలు, అవి కూడా ఎక్కువగా వేరే అవసరాలకి ఎంచుకున్నవి. జీనోము మొత్తం చదివి, మంచి పద్ధతితో వేసిన లెక్కల్లో ఆఫ్రికా బయటి జనానికి 1.8 నుంచి 2.6 శాతం మధ్య వస్తుంది. మీ 1.9కీ మీ తమ్ముడి 2.1కీ తేడా ఆ చిప్ తప్పులోనే కొట్టుకుపోతుంది. ఏ ముక్క ఎక్కడుందన్నదే పనికొచ్చే సమాచారం. ఇద్దరికి అదే 2 శాతం ఉన్నా ముక్కలు వేరు వేరు చోట్ల ఉంటాయి. అందుకే చాలామందిని కలిపి చూస్తే నియాండర్తాల్ జీనోములో పెద్ద భాగం తిరిగి కూర్చొచ్చు: 2,762 మంది భారతీయుల జీనోముల నుంచి ఆ జీనోములో సుమారు సగం, డెనిసోవన్‌ది అయిదో వంతు దొరికాయి.

సొంతంగా చేయాలంటే తెలుగువాళ్ళ డేటా ఉచితంగానే ఉంది. 1000 జీనోమ్స్ ప్రాజెక్టు మూడో దశలో 26 జనసమూహాల 2,504 మంది ఉన్నారు; అందులో ఐటీయూ అనే గుర్తుతో 102 మంది తెలుగువాళ్ళు. వీళ్ళ నమూనాలు తీసింది బ్రిటన్‌లో, కాబట్టి ఇది విజయనగరం, శ్రీకాకుళం జనానికి ప్రతినిధి అనుకోకండి. యొరూబా వాళ్ళు వైఆర్‌ఐ గుర్తుతో 108 మంది. ఆల్టై, విండియా, చగిర్‌స్కాయా (ఎముకలు దొరికిన చోట్ల పేర్లివి) నియాండర్తాల్‌ల జీనోములూ, డెనిసోవన్ జీనోమూ లైప్‌జిగ్ సంస్థ సర్వర్లో దొరుకుతాయి. 22వ క్రోమోజోముతో మొదలుపెట్టండి, మూడో దశ ఫైలు సుమారు 200 ఎంబీ. పాతవాళ్ళ ఫైళ్ళు ఇంకా పెద్దవి, ఎందుకంటే వాటిలో తేడా ఉన్న స్థానాలే కాక చదివిన ప్రతి స్థానమూ రాసి ఉంటుంది.

ఎక్కువమంది ఈ చివరి సంగతి దగ్గరే బోల్తా పడతారు. మూడో దశ ఫైల్లో ఒక స్థానం లేదంటే అక్కడ దాదాపు అందరిదీ రిఫరెన్స్ (పోలికకి పెట్టుకున్న నమూనా మానవ జీనోము) అక్షరమే అని అర్థం. నియాండర్తాల్ ఫైల్లో ఒక స్థానం లేదంటే చదవడం కుదర్లేదు, లేదా నాణ్యత చాలక తీసేశారు అని అర్థం. బీసీఎఫ్‌టూల్స్ అనే ప్రోగ్రాముతో రెండూ కలిపేటప్పుడు ఖాళీలన్నీ రిఫరెన్స్ అని నింపే ఐచ్ఛికం ఒకటుంది. దాన్ని నొక్కారో, నియాండర్తాల్ లేనిచోటల్లా మనిషి అక్షరం వచ్చి కూర్చుంటుంది, డి విలువ అంతా గల్లంతు. ఖాళీని ఖాళీగానే వదిలి, వాళ్ళే ఇచ్చిన ఫిల్టర్ ఫైలు దాటిన స్థానాలే తీసుకోండి.

దాని తర్వాతి తప్పు బిల్డు, అంటే స్థానాలకి నంబర్లు వేసిన రిఫరెన్స్ కూర్పు. మూడో దశ డేటా, పాతవాళ్ళ జీనోములు బిల్డు 37 సంఖ్యల్లో ఉన్నాయి. అదే 1000 జీనోమ్స్ వాళ్ళని 30 రెట్ల లోతుతో మళ్ళీ చదివిన కొత్త డేటా బిల్డు 38లో ఉంది. ఈ రెండూ కలిపేస్తే ప్రోగ్రాము ఎర్రర్ ఇవ్వదు, చక్కగా అర్థంలేని జవాబిస్తుంది. అదే దాని ప్రమాదం.

చింపాంజీ ఫైలు విడిగా దింపక్కర్లేదు. మూడో దశ ఫైల్లో ఏఏ అనే ఫీల్డులో పాత అక్షరం ఏదో ఇచ్చారు. పెద్ద అక్షరంలో ఉంటే నమ్మొచ్చు, చిన్న అక్షరంలో ఉంటే వదిలెయ్యండి. ఇంకొకటి: పాత ఎముకల్లో సి అనే అక్షరం కాలక్రమంలో చెడిపోయి టిగా చదవబడుతుంది, ముఖ్యంగా తునకల చివర్లలో. అందుకని సి-టి, జి-ఎ మార్పులున్న స్థానాలన్నీ పక్కన పెట్టి, మిగతా రకం మార్పులతోనే ఇంకోసారి లెక్క వేయండి. డేటాలో మూడో వంతే మిగులుతుంది, అయినా రెండు జవాబులూ దగ్గర దగ్గరగా వస్తేనే ఒప్పుకోండి.

శాతం కావాలంటే ఎఫ్4 నిష్పత్తి వాడండి. ఎఫ్4 అంటే నలుగురిని జతలుగా పెట్టి అక్షరాల తేడాలు పోల్చే కొలత. పైన ఆల్టై, చింపాంజీ, తెలుగు, యొరూబా; కింద ఆల్టై, చింపాంజీ, విండియా, యొరూబా. పైదాన్ని కిందదానితో భాగిస్తే వచ్చేదే శాతం. అడ్‌మిక్స్‌టూల్స్ అనే ప్రోగ్రాము చేసిపెడుతుంది. ఇక్కడ చిన్న తిరకాసు: యొరూబా వాళ్ళలోనూ కొంచెం నియాండర్తాల్ వారసత్వం ఉంది. యురేషియా నుంచి వెనక్కి వెళ్ళినవాళ్ళ ద్వారా వచ్చింది. 2020 లెక్కలో ఆఫ్రికా జనానికి తలకి సగటున 1.7 కోట్ల అక్షరాలు. దానివల్ల మన శాతం కొద్దిగా తక్కువ చూపిస్తుంది. పొరపాటు హద్దుల కోసం జీనోముని 50 లక్షల అక్షరాల దిమ్మలుగా కోసి, ఒక్కో దిమ్మ తీసేస్తూ మళ్ళీ లెక్క వేయాలి. ఒక్క 22వ క్రోమోజోము మీద చేస్తే ఆ హద్దులు జవాబుకంటే పెద్దవొస్తాయి. అది కమాండ్లు నేర్చుకోడానికి మాత్రమే, శాతం చెప్పాలంటే 22 క్రోమోజోములూ కావాలి.

సవరల సంగతి. సవర ముండా భాష. ముండా భాషలవాళ్ళ వారసత్వంలో కొంత భాగం ఆగ్నేయాసియా వైపు నుంచి వచ్చింది. అందుకని డెనిసోవన్ పాలు ఎక్కువుంటుందేమో అనిపించడం సహజం. కానీ డెనిసోవన్ ఎక్కువున్నది పాపువా, ఫిలిప్పీన్స్‌లోని కొన్ని జనాలలో. పాపువాలో 3 నుంచి 5 శాతం. ఆగ్నేయాసియా ప్రధాన భూభాగంలో చాలా తక్కువ, భారతదేశంలో మొత్తమ్మీద 0.1 శాతం స్థాయి. అండమాన్ ఓంగేలని చూసి "వీళ్ళలో ఉండి తీరుతుంది" అనుకున్నవాళ్ళకీ ఏమీ ప్రత్యేకంగా కనపడలేదు. 0.1 శాతంలో కొండకీ తీరానికీ తేడా పట్టడం చిప్ డేటాతో కాని పని. ఇంకో మాట సూటిగా చెప్పాలి: కొండ మీద ఉంటే ఆదిమమానవుడికి దగ్గర అన్న ఊహ ఈ ప్రశ్న వెనక ఉంటే దాన్ని వదిలెయ్యండి. శాతానికీ జీవనవిధానానికీ ముడి లేదు. ఫ్రెంచ్‌వాళ్ళకీ సుమారు 2 శాతమే.

మేనరికాలు శాతాన్ని పెంచవు. మేనమామ కూతుర్ని చేసుకుంటే పుట్టే బిడ్డకి కొన్ని చోట్ల రెండు కాపీలూ ఒకే పూర్వీకుడివి అవుతాయి, అంతే. ఆ చోట నియాండర్తాల్ ముక్క ఉంటే రెండు వైపులా అదే ఉంటుంది, లేకపోతే రెండు వైపులా లేదు. సగటు మారదు. అయితే మూడో క్రోమోజోము ముక్కలాంటిది రెండు కాపీలుగా పడే అవకాశం పెరుగుతుంది. హెచ్‌ఎంఎంమిక్స్ నడిపేటప్పుడు ఇలాంటి కుటుంబాల్లో పొడవైన ఒకేరకపు పట్టీలు కనిపిస్తే వాటిని పాత కలయిక అనుకోకండి. పట్టీలో ఆఫ్రికాలో లేని తేడాలు గుట్టగా ఉన్నాయా లేదా చూడండి. ఉంటేనే ఆ కలయిక. లేకపోతే ఈమధ్యే జరిగిన దగ్గరి పెళ్ళి.

మన ప్రాంతపు పాత ఎముకల నుంచి ఎందుకు తీయరని కూడా రాశారు. వేడి, తేమ. హర్యానాలోని రాఖీగఢీలో 60కి పైగా నమూనాలు ప్రయత్నిస్తే 2019లో వాడుకోగలిగిన జీనోము ఒక్కటే వచ్చింది. అది 4, 5 వేల ఏళ్ళనాటిది మాత్రమే. బంగాళాఖాతం ఒడ్డున పరిస్థితి ఇంకా కష్టం. కాబట్టి మనకి ఆధారం బతికున్న మనుషుల డీఎన్‌ఏయే.

ఆ ఉత్సాహంలో పిల్లలతో ఊళ్ళమీద పడి ఉమ్మి నమూనాలు తీయించకండి. ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) 2017 మార్గదర్శకాల ప్రకారం సంస్థ ఎథిక్స్ కమిటీ అనుమతి ముందు కావాలి. గిరిజన గ్రామాల్లో అయితే ఊరి పెద్దల ఒప్పుదలా, ఒక్కొక్కరికీ వాళ్ళ భాషలో చెప్పి తీసుకున్న రాతపూర్వక సమ్మతీ రెండూ ఉండాలి. పెద్దల మాట ఒక్కటే ఉంటే చాలదు. క్లాసు ప్రాజెక్టుకి ఐటీయూ డేటా చాలు. ముందు ఫ్రెంచ్ జీనోముల మీద 22 క్రోమోజోములూ నడిపి, జవాబు 2 శాతం దరిదాపుల్లో వస్తోందో లేదో చూసుకోండి. 5 వచ్చినా, సున్నా వచ్చినా ముందు బిల్డూ, ఖాళీ స్థానాలూ మళ్ళీ చూడండి. తెలుగు నమూనాలు ఆ తర్వాతే పెట్టండి.